తెల్ల దుప్పటి పరీక్ష

వానలు పట్టుకున్నాక మా కొట్లోకి వచ్చేవాళ్ళలో సగం మంది పరుపు కోసం రారు, తడవకుండా నిలబడటానికి వస్తారు. నాకేం అభ్యంతరం లేదు. చుట్టూ పరుపులే ఉన్నచోట నిలబడ్డ మనిషి ఎంతోసేపు నిలబడలేడు. ముందు అంచున కూర్చుంటాడు, కాసేపటికి నడుం వాలుస్తాడు, ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను. వానల్లో తంటా మనుషులతో కాదు, సరుకుతో. తేమకి స్పాంజి వాసనేస్తుంది, దూది బరువెక్కుతుంది. అందుకే ఆ నెలల్లో కొత్త సరుకు దించను. గొడౌనులో ఉన్నదాన్నే అటూ ఇటూ తిప్పుతూ నెట్టుకొస్తాను.

ఆ ఏడు గొడౌనే నా చేతిలోంచి పోయింది.

పోయిందంటే తగలబడలేదు, మునగలేదు. మేడమీది గది కారడం మొదలుపెట్టింది. ఆ గదిలో మా అబ్బాయీ కోడలూ పెట్టుకున్న పెట్టెలు, తీగలు, మీటల పలకలు అన్నీ మోసుకుని కిందికి దిగారు. పొద్దున పూట వాడు ఒక షాపులో సౌండు సెట్లు బాగుచేస్తాడు, ఆమె నాతో కొట్లో ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఇద్దరిదీ ఒకటే లోకం. వాడు మీటలు నొక్కుతాడు, ఆమె పాడుతుంది.

"అమ్మా, రెండ్రోజులు గొడౌనులో పెట్టుకుంటాం," అన్నాడు.

"రెండ్రోజులంటే నీ లెక్కలోనా, నా లెక్కలోనా?"

"వాడి లెక్కలో అయితే గొడౌను ఇప్పుడే రాసిచ్చెయ్," అన్నారు మా ఆయన, కుట్టు మిషను మీంచి తలెత్తకుండా. పరుపులకి తొడుగులు కుట్టడం ఆయన పని. మిషను ఆడుతున్నంతసేపూ నోరూ ఆడుతుంది.

ఆ గొడౌను మహిమ మా ఇద్దరికీ ముందే తెలుసు. నాలుగు గోడల పొడుగునా పైకప్పు దాకా పరుపులు నిలబెట్టి ఉంటాయి. నడుమ ఒక మంచం పట్టేంత చోటు. అక్కడ నిలబడి గొంతు చించుకున్నా మాట మూతి ముందే రాలిపోతుంది, కొట్లోకి రాదు. పెళ్ళయిన కొత్తలోనే ఈ సదుపాయం కనిపెట్టాం. బేరానికొచ్చినవాళ్ళ ముందు నేను నవ్వుమొహంతో "ఒకసారి లోపలికి వస్తారా, సరుకు చూడాలి," అంటే ఆయన మిషను ఆపి, మొహం వేలాడేసుకుని నా వెనకే వచ్చేవారు.

అబ్బాయి ఆ చోట్లో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బయటికొచ్చి, "ఇలాంటి గది కోసం జనం ఆస్తులమ్ముకుంటారమ్మా," అన్నాడు.

"అంతా బానే ఉంది, ఇకమీదట మేం పోట్లాడుకునేదెక్కడ?" అన్నారు మా ఆయన.

వాళ్ళు ముందే తమ పాట ఒకటి పెద్ద పాటల కంపెనీకి పంపి ఉన్నారు. కిందికి దిగిన మూడు నాలుగు రోజులకి కంపెనీ ఆవిడ ఫోను చేసింది. అబ్బాయి అందరికీ వినపడేలా పెట్టాడు.

"మీ పాట బాగుందండి. గొంతూ బాగుంది," అందావిడ. "ఏమీ అనుకోకండి, ఇలాంటి జంటలు మా దగ్గర ఇప్పటికే నాలుగున్నాయి. మీ గొంతు విడిగా పంపండి. మావాళ్ళు దాన్ని సరిచేసి ఆ వరసలో ఇమిడేలా తయారుచేస్తారు. మీకు నచ్చిందంటే ఇకమీద మీ పాటలన్నీ మేమే విడుదల చేస్తాం. ఈ సీజన్ దాటకుండా ఏదో ఒక మాట చెప్పండి."

అబ్బాయి మొహం వెలిగిపోయింది. కోడలి మొహం వెలగలేదు. ఫోను పెట్టేశాక చేతిలో ఉన్న దిండుని అటూ ఇటూ తిప్పి, "అడిగారు కాబట్టి గొంతు పంపుదాం," అంది. "కానీ నిజంగా నాలాంటివాళ్ళు నలుగురుంటే ఐదోదాన్ని నేనెందుకు అత్తయ్యా? ఈ వానలు వెళ్ళేలోపు నేనే తేల్చుకుంటాను. వాళ్ళలాగే ఉన్నానని తేలితే పాట మానేసి మీ పక్కన కూర్చుంటాను. పరుపులమ్మడం తెలిసిన పనే కదా."

నేను వ్యాపారం చేసే మనిషిని, అలాగే మాట్లాడాను. "నలుగురి సరుకు పోతోందంటే ఐదోదానికీ గిరాకీ ఉన్నట్టే. ఈ వీధిలో వరసగా పరుపుల కొట్లే. అందరం తింటున్నాం కదా. ఒప్పేసుకోమ్మా."

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. బేరం కుదరనివాళ్ళు మెట్లు దిగుతూ నవ్వే నవ్వు అది.

మర్నాటి నుంచి కొట్లో ఆ నాలుగు జంటల పాటలే. మధ్యాహ్నం అబ్బాయి గొడౌనులో తన మీటలతో కుస్తీ పడుతుంటే, ఆమె కొట్లో గల్లాపెట్టె పక్కన చిన్న స్పీకరు పెట్టుకుని, చెవి దాని మీద వాల్చి కూర్చునేది. డౌన్‌టెంపో అంటారట. దరువు నెమ్మదిగా ఉంటుంది, తిన్నాక కునుకు పట్టేముందు గుండె కొట్టుకున్నట్టు. అడుగున ఒక బరువైన మోత. దూరంగా వాన పడుతున్నట్టు సన్నటి గరగర. దాని మీద ఒక ఆడగొంతు, పక్క దిండు మీంచి మాట్లాడుతున్నంత దగ్గరగా. ప్రతి జంటలోనూ మీటలు నొక్కేవాడొకడు, పాడేదొకతె.

మూడో రోజుకి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"పొద్దుట్నుంచీ ఒకే పాట తిప్పి తిప్పి పెడతావేమే తల్లీ?"

"ఒకే పాట కాదత్తయ్యా. నాలుగు జంటలవి, తొమ్మిది పాటలయ్యాయి."

"తొమ్మిదా?"

"నిజం. కావాలంటే మావయ్యనడగండి."

"నన్ను లాగకు," అన్నారాయన. "నాకు ఇందాకట్నుంచీ మిషనే పాడుతోందనుకున్నా."

నాకు పౌరుషం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఒకేలా కనిపించే సరుకుల్లో తేడా చెప్పి బతుకుతున్నదాన్ని. కళ్ళకి రెండు పరుపులూ ఒకటే, వేలితో నొక్కితే రెండు ఫ్యాక్టరీలు. కొనేవాళ్ళు రంగు చూసి, పేరు చూసి, పక్కింటివాళ్ళ మాట విని తికమక పడుతుంటే నేను ఒక పని చేస్తాను. నాలుగు పరుపుల మీదా ఒకేలాంటి తెల్ల దుప్పట్లు పరిచేస్తాను. పేరు కనపడదు, రంగు కనపడదు. కళ్ళు మూసుకుని ఒక్కోదాని మీద పడుకోమంటాను. తమకేం కావాలో వాళ్ళ వీపే చెబుతుంది.

"ఎవరిదో చెప్పకుండా పెట్టు," అన్నాను కోడలితో. చెప్పులు విడిచి, కొట్టు మధ్యలో ఉన్న పరుపెక్కి పడుకుని కళ్ళు మూసుకున్నాను.

మొదటి రోజు ఏమీ తెలియలేదు, నిద్ర పట్టింది. రెండో రోజు కూడా అంతే. మా ఆయన వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, "మా సరుకు ఎంత బావుంటుందో చూడండి, యజమానే లేవట్లేదు," అని బేరం కూడా చేశారు. మూడో రోజు పాట మధ్యలో ఏదో తగిలింది. ఒకామె గొంతు దరువు కింద ఉంది. దరువు ఆమె మీద పడుకుని ఉంది, ఆమె కింద నలిగి, ఆ ఆకారానికే ఒదిగిపోయి పాడుతోంది. తర్వాతి పాటలో గొంతు అలా లేదు. ఆమె ప్రతి మాటనీ నొక్కి వదిలేస్తోంది, ఆ మాట ఎగిరి మళ్ళీ వెనక్కి వస్తోంది.

లేచి కూర్చున్నాను. "ఇందాకటామె దూది. ఈమె స్ప్రింగు."

కోడలు నోరు తెరిచి చూసింది. "ఏ ఇందాకటామె?"

"దీనికి ముందు పెట్టావే, ఆమె. ఇది ఆమె కాదు."

"కాదు," అంది, గొంతు తగ్గించి. "కాదత్తయ్యా. వాళ్ళు వేరు, వీళ్ళు వేరు."

అలా పేర్లు పడ్డాయి. వాళ్ళ అసలు పేర్లు నా నోరు తిరగవు, నేర్చుకోనూ లేదు. దూదిపిల్ల, స్ప్రింగుపిల్ల, రబ్బరుపిల్ల, స్పాంజిపిల్ల. రబ్బరుపిల్ల గొంతు ఎంత నొక్కినా లొంగదు. కింద మోత ఎంత బరువుగా వచ్చినా ఆమె పైన చదునుగా, చల్లగా, కనుబొమ్మ కూడా కదపకుండా పాడుతుంది. స్పాంజిపిల్ల పీల్చుకుంటుంది. ఆమె దగ్గర గరగర ఎక్కువ, మాటలు సగం అందులోకే ఇంకిపోతాయి, తడి మాత్రం మిగులుతుంది. ఒకే దరువు, ఒకే నెమ్మది, ఒకే చీకటి. దాంట్లో నలుగురు మనుషులు నాలుగు రకాలుగా ఊపిరి తీస్తున్నారు. ఇన్నాళ్ళూ ఈ తేడాలు చేతికీ వీపుకీ మాత్రమే అందుతాయనుకున్నాను. చెవికీ అందుతాయని తెలిశాక ఆ వారమంతా నేను ఈ లోకంలో లేను. గోడ గడియారం కూడా టిక్కుకీ టిక్కుకీ మధ్య ఏదో అంటున్నట్టే ఉండేది.

"అమ్మకి పిచ్చి పట్టింది," అన్నాడు అబ్బాయి.

"పట్టనీ, నేను ఇన్నాళ్ళు వేచి చూశాను," అన్నారు మా ఆయన.

కోడలి పాట మాత్రం నేను అడగలేదు. తూకం చేతికొచ్చాక సొంత సరుకు తూచడానికి జంకు. ఆమే ఒకరోజు నాకు చెప్పకుండా నడుమ పెట్టేసింది. వాన ధారగా పడుతోంది. తడవకుండా లోపలికొచ్చిన ఒక బస్సు డ్రైవరు కిటికీ పక్క పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పరుపు చూసేవాళ్ళందరూ అలాగే పడుకుంటారు. పదిమంది చూస్తున్నారన్న సిగ్గుతో, కాళ్ళు అంచు బయట పెట్టి, కర్రలాగ. ఎంత మెత్తటి పరుపు వేసినా అలాగే. ఇది కొట్టు అన్న సంగతి మరిచిపోయినవాడు మాత్రం పక్కకి ఒత్తిగిలుతాడు. మా వ్యాపారంలో అంతకన్న గట్టి గుర్తు లేదు. మనిషి ఒత్తిగిలాడంటే ఇక నేను నోరు తెరవక్కర్లేదు.

స్పాంజిపిల్ల పాటకి అతను పైకప్పు చూస్తున్నాడు. రబ్బరుపిల్లకి వేళ్ళతో దరువేశాడు. తర్వాతి పాట మొదలై ఒక చరణం అయిందో లేదో, మోకాళ్ళు ముడుచుకుని గోడవైపు తిరిగిపోయాడు.

నేను కోడలి వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు.

"ఇది ఎవరు?" అన్నాను, తెలిసే.

"మీరే చెప్పండి."

చెప్పలేకపోయాను. మిగతా నలుగురికీ పేరు నాలుక చివరికి దానంతటదే వచ్చింది. ఈ గొంతుకి రాలేదు. రోజూ నాతో దుప్పట్లు మడతపెట్టే పిల్ల, మడత అటు ఇటు అయితే నాతో మాట పడే పిల్ల. ఆ పిల్ల గొంతు మీద నా చేయి ఆనలేదు.

నెల తిరిగింది. ఒక మధ్యాహ్నం అబ్బాయి షాపు నుంచి తొందరగా వచ్చాడు. నన్ను ఒక పక్కకి పిలిచి, "అమ్మా, నీ దుప్పటి పరీక్ష ఇవాళ తనకి పెడదామా?" అన్నాడు. వాడి కళ్ళలో ఏదో దాచుకున్న సంబరం ఉంది. నేను గుచ్చి అడగలేదు.

కోడలు సరదాగానే ఒప్పుకుంది. మా ఆయన మిషను ఆపి ఆయన కూడా ఒక పరుపెక్కారు. "నేను పాటలు వినను, నిద్రపోతే లేపకండి, అంతే," అన్నారు. ముగ్గురం వరసగా పడుకున్నాం. వాడు స్పీకరు దగ్గర కూర్చున్నాడు.

"స్ప్రింగు," అంది కోడలు, మొదటి పాటలో ఒక్క మాట కూడా పూర్తికాక ముందే. రెండోదానికి, "రబ్బరు. పాతది."

మూడోది మొదలైంది. నేనెప్పుడూ వినని వరస. దరువు కింద నలిగి ఒదిగిన గొంతు, మెత్తగా, నున్నగా. నేను మనసులో దూది అనుకున్నాను. కోడలు కొంచెం సేపు విని అంది, "ఇది దూదివాళ్ళది. కొత్తదేమో. బాగా పాడింది."

పాట సాగుతోంది. అబ్బాయి ఆపుతాడేమో, నవ్వుతాడేమో అని కళ్ళు తెరిచాను. వాడు స్పీకరు మీద చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు. సంబరం మొహం మీద సగం దాకా వచ్చి ఆగిపోయింది.

కోడలు కూడా కళ్ళు తెరిచింది. వాడి మొహం చూసింది.

"మళ్ళీ పెట్టు," అంది.

వాడు మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆమె కూర్చుని వింది, చివరిదాకా. తర్వాత లేచి తాను పడుకున్న పరుపు మీది దుప్పటి తీసి, అంచుకి అంచు కలిపి మడతపెట్టింది.

"పొద్దున కంపెనీ నుంచి వచ్చింది," అన్నాడు వాడు. "నీ గొంతు ముక్కలు చేసి, మాటలు అటూ ఇటూ మార్చి, వాళ్ళ వరసకి అతికించి చూశారట. నీకు చెప్పకుండా వినిపిస్తే ఎగిరి గంతేస్తావనుకున్నా."

"బాగుంది," అంది ఆమె.

"అదే నేనూ అంటున్నా. ఎవరో తెలియకుండానే బాగుందన్నావు. అంతకన్న ఏం కావాలి?"

"బాగుందనే కదా అంటున్నా."

ఆమె దుప్పటిని బల్ల మీద పెట్టి, తక్కిన రెండూ కూడా మడతపెట్టి, బయట మెట్ల మీదికి వెళ్ళి వాన చూస్తూ నిలబడింది. మా ఆయన నిద్రపోలేదు. లేచి మిషను దగ్గరికెళ్ళి కూర్చున్నారు కానీ చాలాసేపు తొక్కలేదు.

తర్వాతి రోజుల్లో ఇంట్లో మాటలు అవసరమైనంత వరకే. అబ్బాయి కంపెనీకి ఒప్పేసుకుందామని ఇంకో రెండుసార్లు అన్నాడు. ఆమె వద్దనలేదు, సరేననలేదు. కొట్లో నా పక్కన కూర్చుని చక్కగా బేరాలు చేసింది, నాకన్న ఓపిగ్గా. వేరే ఏ ఏడైనా ఆమె అలా కూర్చోవడం నాకు వరమే. చేతికి ఆసరా దొరికింది, కొట్టు తర్వాత ఎవరిదన్న బెంగ తీరింది. లాభమే కనిపిస్తోంది ఎటు చూసినా. అయినా ఆమె స్పీకరు దుమ్ము తుడిచి తిరిగి అదే చోట పెడుతుంటే, నాకు లోపల ఎక్కడో సరుకు తడిసిపోతున్నట్టుండేది.

ఒకరోజు అబ్బాయి గొంతు పెంచాడు. "నువ్వు మాట్లాడకపోతే నేనేం చెప్పను వాళ్ళకి?"

"నాకే నేను దొరకలేదు కదా," అంది ఆమె. "నేను కాదన్న గొంతుని నాదని ఎలా ఒప్పుకోను? ఒక పని చెయ్, దూదివాళ్ళనడుగు, ఒప్పుకుంటారేమో."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఆ మర్నాడు గాలివాన కొట్టింది. మధ్యాహ్నమే కొట్లో చీకటి పడిపోయింది, కాసేపటికి కరెంటు పోయింది. పంకా ఆగింది, ఫ్రిజ్జు గురక ఆగింది, గొడౌనులో వాడి యంత్రాలూ ఆగిపోయి ఉంటాయి. తడవకుండా వచ్చినవాళ్ళు నలుగురైదుగురు కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తున్నారు. కోడలు నా పక్కన లేదు. కొత్త తొడుగులు తీసుకురావడానికి లోపలికెళ్ళింది, రాలేదు. ఎంతసేపని చూడను, నేనే వెళ్ళాను.

గొడౌను తలుపు తోసేదాకా ఏమీ వినపడలేదు. తోశాక వినపడింది.

ఆమె పరుపుల మధ్య చోట్లో నేల మీద కూర్చుని ఉంది. అబ్బాయి ఎదురుగా గోడకానుకుని ఉన్నాడు, ఒళ్ళో బ్యాటరీతో నడిచే చిన్న రికార్డరు, దానిమీద ఒక ఎర్ర చుక్క. దరువు లేదు, మోత లేదు, గరగర లేదు. ఉత్త గొంతు. వాళ్ళు మొదట్లో కంపెనీకి పంపిన పాటే పాడుతోంది. "దీపం ఆర్పకు, నా మాట ఇంకా పూర్తి కాలేదు," అనే పాట.

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ప్రతి పంక్తికి ముందూ ఆమె ఒక ఊపిరి తీస్తోంది. గుడ్డలోంచి దారం లాగినంత సన్నటి చప్పుడు. కంపెనీవాళ్ళు దాన్ని ఏరి పారేశారు, అది లేకే మేం పోల్చుకోలేకపోయాం. ఊపిరి తర్వాత మాట వస్తుంది, ఉత్త మాటలాగే, నాతో దుప్పట్ల గురించి మాట్లాడినట్టే. ఆ మాట సగానికి వచ్చేసరికి పాటైపోయి ఉంటుంది. ఎక్కడ మారిందో నేను వేలు పెట్టి చూపించలేను. కుట్టు కనపడని తొడుగు ఈ ప్రపంచంలో ఉండదు, ఎంత మంచి పనివాడు కుట్టినా లోపలికి తిప్పి చూస్తే కనపడుతుంది. మా ఆయనది కూడా కనపడుతుంది. ఈ గొంతుని నేను ఎటు తిప్పి చూసినా కుట్టు దొరకలేదు.

పంక్తి చివర ఆమె గొంతు దించడం లేదు. ఎవరో పిలిస్తే మాట ఆపి తలతిప్పిన మనిషిలాగ వదిలేస్తోంది. ఆ వదిలేసిన చోట ఆ గదిలో ఒక నిశ్శబ్దం. పరుపుల మధ్య ముప్పై ఏళ్ళు తిరిగినదాన్ని, అంత నిశ్శబ్దం అక్కడుందని నాకు తెలియదు. మా పోట్లాటలతో దాన్ని పాడుచేసుకున్నాం కాబోలు. వెనకాల ఎవరో వచ్చి నిలబడ్డారు. మా ఆయన. చేతిలో కత్తెర, మిషను దగ్గర్నుంచి ఎలా వచ్చారో అలాగే.

పాట అయిపోయింది. ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. అబ్బాయి దాన్ని ఆపడం మరిచిపోయాడు.

"ఇదే పంపు," అంది ఆమె.

"కింద ఏమీ లేకుండానా?"

"దరువు తర్వాత వెయ్, నీ ఇష్టం. ఊపిరి మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను," అన్నాడు. ఇంకేదో అనబోయి, తల గోక్కుని, "ఇన్నాళ్ళూ నేనూ చెరిపేస్తూనే ఉన్నాను," అన్నాడు.

వాడు దరువు వేశాడు, ఆమె ఊపిరికి అడ్డం రాకుండా పక్కకి తప్పుకుని. ఒకటీ అరా రోజులు కాదు, వారం పట్టింది. కంపెనీకి పంపి, మా మాట ఇదీ, ఇలాగైతేనే అన్నారు. జవాబు ఆవిడే ఫోనులో చెప్పింది, చాలా మర్యాదగా.

"విన్నామండి. మా టీమంతా విన్నాం. బాగా చేశారు. కాకపోతే ఇది మా వరసలో ఇమడదండి. ఆ నాలుగింటి పక్కన పెడితే ఇదొక్కటే వేరేగా వినిపిస్తోంది."

అబ్బాయి మొహం వాడిపోయింది. నేను కోడలి వంక చూశాను. ఆమె దిండు తొడుగులో మొహం దాచుకుంది. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేశాను. భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

"ఏమన్నారండీ? ఇంకోసారి చెప్పండి," అంది ఫోనులోకి.

"వేరేగా వినిపిస్తోందండి," అందావిడ పాపం, ఇంకా మర్యాదగా.

"చాలా థాంక్సండి," అంది కోడలు.

పాటని వాళ్ళిద్దరే తమ పేరు మీద విడుదల చేసుకున్నారు. వినేవాళ్ళు వింటున్నారు. నేను తల మీద కిరీటం పెట్టుకుని ఊరేగడం లేదు కానీ, ఆ వానలతో మా ఇంట్లో ఒక మార్పు జరిగింది. మేడమీది గది బాగుచేయించాం, అందులోకి కొత్త సరుకు ఎక్కించాం. వాళ్ళు మాత్రం కిందే ఉండిపోయారు.

వానలు వెనకబట్టాక ఒక లాడ్జి ఆయన వచ్చాడు. ఏటా ఈ రోజుల్లోనే గదులకి పరుపులు మారుస్తాడు, ఏటా నా దగ్గరే. కొట్లో ఉన్నవి నొక్కి చూసి పెదవి విరిచాడు. గొడౌను తలుపు తీసి ఉంది. లోపలికి తొంగిచూశాడు.

"అవేమిటమ్మా, అన్నీ అక్కడే దాచారు? అవి ఇప్పించండి. బాగా ఆరినట్టున్నాయి, వాసన కూడా లేదు."

"అవి లేవండి."

"కళ్ళముందు కనపడుతుంటే లేవంటారేమిటి?"

"మీకు ఫ్యాక్టరీ నుంచి కొత్త లోడు తెప్పిస్తాను, ఆరబెట్టించి నేనే పంపిస్తాను. అవి మాత్రం కదపను. అవి గోడలండి."

నా వంక అనుమానంగా చూసి లోపలికి నడిచాడు. పరుపుల మధ్య నిలబడి, "ఓయ్," అన్నాడు. మాట మూతి ముందే పడిపోయింది. చుట్టూ చూశాడు. బయటికి వచ్చేసరికి అతని గొంతు దానంతటదే తగ్గిపోయి ఉంది.

"ఏం చేస్తారమ్మా ఇందులో?"

"మా కోడలు పాడుతుంది."

"ఓహో. ఎవరిలా పాడుతుంది?"

ఎంతటి సరుకైనా కొనేవాడికి తెలిసిన దేనితోనో పోల్చి చెప్పడమే నా బతుకు. ఇంచుమించు దూదిలా అందామనుకున్నాను, కాదు. స్ప్రింగు కాదు, రబ్బరు కాదు, స్పాంజి అసలే కాదు. ఒక్కొక్కరినీ నాలుక మీదికి తెచ్చుకుని పక్కన పెట్టేశాను. అతను జవాబు కోసం చూస్తున్నాడు. మిషను దగ్గర మా ఆయన కూడా కాలు ఆపి, నేనేమంటానా అని చూస్తున్నారు.

"మధ్యాహ్నం దాకా ఉండండి," అన్నాను అతనికి కుర్చీ జరిపి. "నాకు చెప్పడం చేతకాదు."